పుష్‌రాడ్డా, డైరెక్టా? – ఒక స్ప్రింగు బాకీ కథ

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది. ఆదివారం తొమ్మిదింటికి ఫోను మోగితే మన సాఫ్ట్‌వేరు జనాలకి వచ్చే మొదటి ఆలోచన ఒకటే, ప్రొడక్షన్‌లో ఏదో కూలింది అని. కళ్ళు నులుముకుంటూ ఎత్తాను. "అన్నా, బిజీనా?" అని అవతల ఓ లేత గొంతు. మా ఇంజనీరింగ్ కాలేజీ జూనియరు. నేనెవరో తనకీ, తనెవరో నాకూ తెలీదు. కాలేజీ వర్క్‌షాపు గోడమీద మా బ్యాచ్ ఫొటో కింద ఉన్న పేర్లలోంచి నన్ను వెతికి పట్టుకున్నాడట.

"అన్నా, ఫార్ములా భారత్‌కి ఈసారి ఎలక్ట్రిక్ కారు చేస్తున్నాం. సస్పెన్షన్ దగ్గర టీము రెండు ముక్కలైంది. సగం మంది పుష్‌రాడ్ అంటున్నారు, సగం మంది డైరెక్ట్ అంటున్నారు. మీ బ్యాచ్ పుష్‌రాడ్ పెట్టింది కదా. ఎందుకు పెట్టారన్నా?"

ఎందుకు పెట్టాం? నిజం చెప్పాలంటే ఫొటోల్లో బాగుంటుందని. అలా అనలేను కదా :) సాయంత్రం చెప్తాలే అని పెట్టేశాను. ఆ సాయంత్రం చెప్పలేదు. జవాబు చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ టపా.

తెలియనివాళ్ళ కోసం ముందు కాస్త ఉపోద్ఘాతం. ఇంజనీరింగ్ విద్యార్థులు తమంతట తాము ఒక సింగిల్ సీటర్ రేసు కారు డిజైను చేసి, కట్టి, తెచ్చి, తోలే పోటీలు ప్రపంచమంతా జరుగుతాయి. అమెరికాలో ఫార్ములా ఎస్‌ఏఈ, జర్మనీలో ఫార్ములా స్టూడెంట్, మన దగ్గర ఫార్ములా భారత్, సుప్రా ఇలా. ఫార్ములా భారత్ జరిగేది కోయంబత్తూరు పక్కన చెట్టిపాళయంలోని కారి మోటార్ స్పీడ్‌వేలో. మారుతి 800 ఇంజను పెట్టి సింగిల్ సీటర్ రేసు కార్లు తయారుచేసిన కరివర్ధన్ గారి పేరు మీద కట్టిన ట్రాకు అది. అసలు పరీక్ష ఎండ్యూరెన్స్. 22 కిలోమీటర్లు. సగం దూరం ఒక డ్రైవరు, సగం దూరం ఇంకో డ్రైవరు. వినడానికి మన గచ్చిబౌలి నుంచి సికింద్రాబాద్ వెళ్ళినంత దూరం. కానీ కుర్రాళ్ళు కట్టిన కార్లలో చాలా వాటికి ఆ దూరం పూర్తిచేయడమే గగనం.

నేను మెకానికల్. 2018లో మేం ఇరవై రెండు మందిమి కలిసి ఒక కారు మొదలుపెట్టాం. తలా ఎనిమిది వేలు వేసుకున్నాం. మా నాన్నకి "ప్రాజెక్టు ఫీజు" అని చెప్పాను. ఆయన ఇంకోమాట అడక్కుండా ఇచ్చారు. మా రూమ్మేటే టీముకి కెప్టెన్. వాడి పేరు ఇక్కడ రాయను, కెప్టెన్ అనే అంటాను. సస్పెన్షన్ బాధ్యత నాది.

సస్పెన్షన్ అంటే చాలామంది గుంతల్లో కుదుపు తెలీకుండా చేసే ఏర్పాటు అనుకుంటారు. బస్సుకైతే అంతే. రేసు కారులో దాని పని వేరు. కారుని రోడ్డుతో కలిపి ఉంచేది ఏంటి? నాలుగు టైర్లు. ఒక్కో టైరు నేలని తాకేది సుమారు అరచేయంత మేర. అంటే మొత్తం కారు, దాని ఇంజను, దాని డ్రైవరు, వాళ్ళ నాన్న ఇచ్చిన ఎనిమిది వేలు, అన్నీ నాలుగు అరచేతుల మీద నిలబడి ఉన్నాయన్నమాట. ఆ అరచేతులు నేలకి చదునుగా ఆనుకుని ఉండేలా చూడటమే సస్పెన్షన్ పని.

మలుపు తిరిగేటప్పుడు కారు బాడీ బయటివైపుకి ఒరుగుతుంది. దానితోపాటు చక్రం కూడా ఒరిగిపోతే టైరు అంచు మీద నిలబడుతుంది, పట్టు పోతుంది. అందుకని చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి, రెండు చేతులతో పట్టుకుంటారు. దాన్నే డబుల్ విష్‌బోన్ అంటారు. పై చేయి కాస్త పొట్టిగా, కింది చేయి కాస్త పొడుగ్గా పెడితే, చక్రం పైకి లేచినప్పుడు దాని తల కొద్దిగా లోపలికి వంగుతుంది. బాడీ బయటికి ఒరిగింది, చక్రం లోపలికి వంగింది, లెక్క కొంత సరిపోయింది. భలే ఉంది కదా? ఇక్కడే తిరకాసు. బ్రేకు కొట్టినప్పుడు ముందు చక్రాలు రెండూ బాడీతో పోలిస్తే పైకి లేస్తాయి. అప్పుడు మలుపేమీ లేదు, ఒరుగుడూ లేదు. అయినా చక్రాలు లోపలికి వంగుతాయి. టైరు లోపలి అంచు మీద నిలబడి బ్రేకు పట్టు తగ్గుతుంది. మలుపులో లాభం కావాలంటే బ్రేకులో నష్టం ఒప్పుకోవాలి. సస్పెన్షన్ మొత్తం ఇలాంటి బేరాలే. ఉచితంగా ఏదీ రాదు.

మరి మారుతి 800 ముందు చక్రాలకి ఉండే స్ట్రట్ పెడితే సులువు కదా అంటారా? చవక, పార్టులు ఆటోనగర్‌లో ఏ షాపులోనైనా దొరుకుతాయి. మేమూ ఒక వారం దాని గురించే మాట్లాడుకున్నాం. కానీ అది నిలువుగా పొడుగ్గా ఉంటుంది. మోకాలి ఎత్తు కూడా లేని కారు ముక్కులో దానికి చోటు లేదు. పైగా కారుని కిందికి దించేకొద్దీ మలుపులో దానికి కావలసిన వంపు రాదు. కాబట్టి డబుల్ విష్‌బోన్ దగ్గర మాకు గొడవలేదు. ఆ చేతులకి స్ప్రింగునీ షాకబ్జర్నీ ఎలా తగిలించాలి అన్న దగ్గరే గొడవంతా.

పద్ధతి ఒకటి, డైరెక్ట్. షాకబ్జరు ఒక కొస విష్‌బోనుకి, ఇంకో కొస చాసిస్‌కి. అయిపోయింది. పద్ధతి రెండు, పుష్‌రాడ్. విష్‌బోను నుంచి ఒక కడ్డీ పైకి వెళ్తుంది. అది బెల్‌క్రాంక్ అనే మూడు మూలల పలకని తోస్తుంది. ఆ పలక తన ఇరుసు మీద తిరిగి, చాసిస్ మీద పడుకోబెట్టిన షాకబ్జర్ని నొక్కుతుంది. ఆ కడ్డీ తోయడానికి బదులు లాగేలా పెడితే పుల్‌రాడ్. 2012లో ఫెరారీ తన ఎఫ్1 కారు ముందు చక్రాలకి పుల్‌రాడ్ పెట్టింది. ఆ ఫొటో నా లాప్‌టాప్ వాల్‌పేపరుగా రెండేళ్ళు ఉంది. ఇంక నేను ఏ పక్షమో వేరే చెప్పాలా?

కెప్టెన్ డైరెక్ట్ అన్నాడు. వాడి వాదన చాలా సాదా. "లెక్కపెట్టరా. డైరెక్ట్‌లో ఒక్కో చక్రానికి షాకబ్జరు కొసలు రెండు జాయింట్లు. నాలుగు చక్రాలకి ఎనిమిది. పుష్‌రాడ్‌లో కడ్డీకి రెండు, బెల్‌క్రాంక్‌కి ఒకటి, షాకబ్జరుకి రెండు, మొత్తం ఐదు. నాలుగు చక్రాలకి ఇరవై. ఇరవై చోట్ల లూజు ఉండొచ్చు, ఇరవై చోట్ల విరగొచ్చు. మనకి కారుని నడిపి చూసుకోడానికి టైము కావాలి."

నా వాదనలు నాకున్నాయి. అవి తప్పు కూడా కాదు. పుష్‌రాడ్‌తో చక్రం కదలికకీ స్ప్రింగు కదలికకీ ఉండే నిష్పత్తి మన చేతిలో ఉంటుంది. బెల్‌క్రాంక్ ఆకారం మార్చితే చాలు, మిగతా కారు ముట్టుకోనక్కర్లేదు. షాకబ్జర్లు గాలికి అడ్డురావు. డిజైను జడ్జీలు వచ్చినప్పుడు మాట్లాడటానికి సరుకుంటుంది, డిజైన్ ఈవెంట్‌కి 150 మార్కులు మరి. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఎండ్యూరెన్సులో సగటు వేగం గంటకి యాభై కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది. ఆ వేగంలో షాకబ్జరు మీద గాలి ఒరిపిడి గురించి మాట్లాడటం అంటే, పదిమంది వాడే లోపలి టూలుకి ముప్ఫై మైక్రోసర్వీసులు రాసినట్టు. అది నాకు అప్పుడే తెలుసు.

ఓటింగు పెట్టారు. నా స్లైడ్లు బాగున్నాయి. కెప్టెన్‌కి స్లైడ్లే లేవు. పన్నెండు, తొమ్మిది. నేను గెలిచాను. వాడు ఓటు వెయ్యలేదు, కెప్టెన్ని కదా అన్నాడు. ఆ రోజు నుంచి మళ్ళీ డైరెక్ట్ అన్న మాట వాడి నోటెంట రాలేదు. బెల్‌క్రాంకుల కోసం నాతోపాటు అర్ధరాత్రి దాకా ఆకురాయి పట్టుకుని కూచున్నాడు.

బెల్‌క్రాంకులు ఆరు వారాలు తిన్నాయి. మొదటిసారి కోయించిన పలకల్లో బేరింగు కూచోలేదు. రెండోసారి కూచుంది గానీ, కడ్డీ, పలక, షాకబ్జరు మూడూ ఒకే తలంలోకి రాలేదు. బ్రాకెట్లు కోసి మళ్ళీ వెల్డింగు. నడిపి చూసుకోడానికి నాలుగు వారాలు అనుకున్నది కాస్తా చివరికి ఒక్క సాయంత్రం అయింది. కాలేజీ బస్సులు వెళ్ళిపోయాక పార్కింగులో నాలుగు రౌండ్లు. అంతే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. స్ప్రింగు ఎంత గట్టిగా ఉండాలి?

చక్రం పది మిల్లీమీటర్లు లేస్తే స్ప్రింగు ఆరు మిల్లీమీటర్లు నొక్కుకుంటే, మోషన్ రేషియో 0.6. మా కారుది అంతే. నిష్పత్తి మన చేతిలో ఉంటుందని గొప్పలు పోయాను కదా, తీరా చూస్తే డ్రైవరు కాళ్ళ పైన చోటు లేక 0.6 దగ్గరే ఆగింది. కారు 230 కిలోలు, డ్రైవరు 70. మొత్తం 300. చక్రాలు, హబ్బులు, బ్రేకులు వగైరా చక్రానికి 12 కిలోల చొప్పున తీసేస్తే, స్ప్రింగుల మీద కూచునేది 252 కిలోలు. ఒక్కో మూలకి 63. ఇలాంటి కారు తన స్ప్రింగుల మీద సెకనుకి సుమారు మూడుసార్లు ఊగేలా పెట్టుకుంటే బాగుంటుంది. మనం రోజూ ఎక్కే కార్లు ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగుతాయి. మూడు హెర్ట్జ్ రావాలంటే చక్రం దగ్గర మిల్లీమీటరుకి 22 న్యూటన్ల గట్టిదనం కావాలి. ఇంతవరకు నా లెక్క రైటే.

చక్రం దగ్గర 22 కావాలంటే స్ప్రింగు ఎంతది కొనాలి? 22ని 0.6తో భాగించాను. 36.7 వచ్చింది. 35 సరిపోతుందిలే అనుకున్నాను.

మెకానికల్ వాళ్ళు ఈపాటికి తల పట్టుకుని ఉంటారు. 0.6తో ఒకసారి కాదు, రెండుసార్లు భాగించాలి. తూగుడుబల్ల మీద ఒక వైపు మధ్యలో కూచుంటే ఏమవుతుంది? మీ కదలికా తగ్గుతుంది, మీ బలమూ తగ్గుతుంది. రెండూ తగ్గుతాయి కాబట్టి నిష్పత్తికి వర్గం. 22ని 0.36తో భాగిస్తే 61. నేను కొనాల్సింది 61ది, కొన్నది 35ది. దాంతో చక్రం దగ్గర దొరికింది 22 కాదు, పన్నెండున్నర. మూడు హెర్ట్జ్ కాదు, రెండుంబావు. ఎక్సెల్ షీటులో ఒక్క గడిలో ఒక్క వర్గం గుర్తు లేదు. అంతే తేడా.

ఆ స్ప్రింగులు చుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ. నేనే వెళ్ళి ఆర్డరిచ్చాను. చిన్న రేకుల షెడ్డు, లోపల ఒక చుట్టే యంత్రం, ఒక పొయ్యి, మూలన ఒక ప్రెస్సు. ఆయన నాకు క్లాసులో ఎవరూ చెప్పనట్టు చెప్పాడు, తీగ మందం అరమిల్లీమీటరు మారితే స్ప్రింగు ఎలా మారిపోతుందో. ఫార్ములాలో ఆ మందం నాలుగో ఘాతంలో ఉంటుంది లెండి. 7 మిల్లీమీటర్ల తీగ బదులు 7.5 వాడితే గట్టిదనం ముప్ఫై శాతం పైనే పెరుగుతుంది. ఆయనకి ఘాతం సంగతి తెలీదు, తీగ సంగతి తెలుసు. నాలుగు స్ప్రింగులూ నా ఎదురుగానే ఒక్కొక్కటి ప్రెస్సులో పెట్టి ముప్ఫై మిల్లీమీటర్లు నొక్కి, కాటా చూపించి, ఒక కాగితం మీద రాసిచ్చాడు. 107, 106, 108, 107 కిలోలు. అంటే మిల్లీమీటరుకి 35 న్యూటన్లు, సరిగ్గా నేనడిగింది. నాలుగింటికీ 5,600 అన్నాడు. రెండు వేలు అడ్వాన్సిచ్చాను. "కారు పరిగెత్తాక మిగతాది ఇద్దురుగాని బాబూ" అన్నాడు.

2019 జనవరి. కోయంబత్తూరు.

కారు దించి డ్రైవర్ని కూచోబెట్టగానే అనుకున్నదానికంటే రెండు సెంటీమీటర్లు కిందికి కూచుంది. స్ప్రింగు కింది కాలర్లు తిప్పి ఎత్తు సరిచేశాం. ఎత్తు సరైంది గానీ మెత్తదనం పోదు కదా. డిజైను జడ్జి ఒకాయన వచ్చి నా స్లైడ్లన్నీ ఓపిగ్గా చూసి, ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "మోషన్ రేషియో 0.6 అన్నారు. కొలిచారా?"

"క్యాడ్ మోడల్లో..." అని మొదలుపెట్టాను.

"అది కాదు, కారు మీద కొలిచారా?"

ఒక జాకీ, ఒక స్కేలు ఉంటే పది నిమిషాల పని అది. కొలవలేదు. పక్కనున్న కెప్టెన్ "లేదు సార్, మేం కొలవలేదు" అన్నాడు. మేం అన్నాడు.

ఎండ్యూరెన్సుకి ముందురోజు రాత్రి లాడ్జిలో ఆరుగురం ఒక గదిలో. అందరూ నిద్రపోయాక జడ్జి ప్రశ్న నన్ను నిద్రపోనివ్వలేదు. లాప్‌టాప్ తీసి షీటు మొదటినుంచీ చూశాను. రాత్రి రెండింటికి ఆ గడి కనిపించింది. డీబగ్గింగ్ చేసే మీ అందరికీ తెలిసిన క్షణమే అది, చెమట పట్టే క్షణం.

కెప్టెన్ రెండడుగుల దూరంలో పడుకుని ఉన్నాడు. పొద్దున్న మొదటి డ్రైవరు వాడే. రెండో డ్రైవరు నేను. లేపలేదు. ఈ రాత్రిపూట కొత్త స్ప్రింగులు ఎక్కడ దొరుకుతాయి, చెప్పి ప్రయోజనం ఏముంది, వాడి నిద్ర చెడగొట్టడం తప్ప, అని నాకు నేనే చెప్పుకుని లాప్‌టాప్ మూసేశాను. చాలా తర్కబద్ధంగా అనిపించింది అప్పుడు.

పొద్దున్న పదకొండింటికి కారు ట్రాకెక్కింది. బ్రేకు కొట్టిన ప్రతిచోటా ముక్కు కిందికి దిగి అడుగు పలక నేలకి గీసుకుంటున్న చప్పుడు. స్ప్రింగు చాలక షాకబ్జరు అడుగంటా దిగి బంప్ స్టాపుని గుద్దుతోంది. ఆ గుద్దు ప్రతిసారీ నేరుగా బెల్‌క్రాంక్ బ్రాకెట్టుకి వెళ్తుంది. నేను డ్రైవర్లు మారే చోట సూటూ హెల్మెట్టూ వేసుకుని నిలబడి వింటున్నాను. అక్కడున్నవాళ్ళలో ఆ చప్పుడు అర్థం ఏంటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏడో రౌండులో ఎడమవైపు ముందు బ్రాకెట్టు వెల్డింగు ఊడింది. కారు ఆ మూల మీద చతికిలబడి ఆగిపోయింది. వాడికి దెబ్బలేం తగల్లేదు. మా కథ అక్కడితో సరి. నేను హెల్మెట్టు తీయలేదు కాసేపు.

తిరిగొచ్చాక టీములో పోస్టుమార్టం. స్ప్రింగులు మెత్తగా ఉన్నాయని అందరికీ తెలిసింది. ఎందుకున్నాయి? ఎవరో అన్నారు, "ఆటోనగర్ సరుకు కదా, మోసం చేసుంటాడు" అని. నేను ఏమీ అనలేదు. చూశారా, అబద్ధం ఆడలేదు, ఊరికే ఊరుకున్నాను. కెప్టెన్ బండేసుకుని వెళ్ళి మేస్త్రీతో గొడవపెట్టుకున్నాడు. మిగతా 3,600 ఇచ్చేది లేదన్నాడు. ఆయన "నేను కొలిచి కాగితం రాసిచ్చాను కదయ్యా, చూసుకోండి" అన్నాడట. వాడు రూముకొచ్చి అడిగాడు, "కాగితం ఏదైనా ఇచ్చాడా రా?"

"ఏమోరా, ఎక్కడో పోయింది" అన్నాను. ఇది మాత్రం అబద్ధమే. ఆ కాగితం నా ఫైల్లో ఉంది.

తర్వాత అందరిలాగే నేనూ. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేరు ఉద్యోగం వచ్చింది, హైదరాబాదు వచ్చాను, కోడు రాసుకుంటున్నాను. కెప్టెన్ పుణెలో ఆటో పార్టుల కంపెనీలో చేరాడు. కార్లు నిజంగా ఇష్టపడ్డవాడు కార్లలోనే ఉన్నాడు. పండక్కి మెసేజీలు, పెళ్ళిళ్ళలో కలవడాలు, అంతకుమించి లేదు. గొడవేమీ పడలేదు మేం. ఆఫీసులో నేను పోస్టుమార్టం మీటింగులు నడుపుతాను. మనుషుల్ని కాదు, తప్పు ఎక్కడ జరిగిందో చూడండి అని కొత్తవాళ్ళకి పాఠాలు చెప్తాను. అలా చెప్పిన ప్రతిసారీ లోపల ఏదో గుచ్చుకునేది. అలవాటైపోయింది.

ఇదీ జూనియరు ఫోనుకి ముందు కథ.

అతనికి ఏం చెప్పాలి? "మాది పుష్‌రాడ్ వల్ల పోయింది" అంటే అబద్ధం. పుష్‌రాడ్‌తో ఎండ్యూరెన్సు పూర్తిచేసిన కార్లు బోలెడున్నాయి. "స్ప్రింగులు బాగాలేవు" అంటే అదే పాత అబద్ధం, ఇంకో తరానికి. వారం రోజులు నానబెట్టి, చివరికి పుణెకి ఫోను చేశాను. మొత్తం చెప్పాను, గడి, లాడ్జి, కాగితం అన్నీ. చెప్తున్నంతసేపూ వాడు ఊ కూడా కొట్టలేదు. "పోన్లేరా, ఎప్పటి సంగతో" అంటాడనుకున్నాను. నిజానికి ఆ మాట కోసమే చేశానేమో కూడా.

వాడు అన్నది ఇది: "ఆ రాత్రి లేపుంటే బంప్ స్టాపు కింద రెండేసి రబ్బరు వాషర్లు వేసేవాణ్ణి. ముక్కు ఇంకో పది మిల్లీమీటర్లు లేపేవాణ్ణి. బ్రేకు ముందుగా, మెల్లగా కొట్టేవాణ్ణి. నిదానంగా పోయినా ఇరవై రెండు కిలోమీటర్లు పూర్తయ్యేవి. నీకూ నడిపే అవకాశం వచ్చేది."

నా దగ్గర జవాబు లేదు. చెప్పినా ప్రయోజనం లేదని ఇన్నేళ్ళూ నేను నమ్మిన తర్కం పది సెకన్లలో కూలింది. కాసేపాగి వాడే అడిగాడు. "ఆయన డబ్బులు ఇచ్చావా?"

"లేదు."

"ఆయన్ని నేను చాలా మాటలన్నానురా. ముందు ఆ పని చూడు" అని పెట్టేశాడు.

తర్వాతి శనివారం విజయవాడ వెళ్ళాను. షెడ్డు అక్కడే ఉంది, యంత్రం కొత్తది వచ్చింది. ఆయన కాస్త వంగాడు. నన్ను గుర్తుపట్టలేదు. "ఎవురో కాలేజీ పిల్లలు వచ్చి గొడవ చేసింది గుర్తుంది, నువ్వు గుర్తులేవు" అన్నాడు. వచ్చింది నేను కాదు, కానీ తప్పు నాది అని చెప్పి, ఆయన రాసిన కాగితం చూపించి, 3,600కి ఇంకొంత కలిపి కవరు ఇచ్చాను. ఆయన కవరు విప్పి లెక్కపెట్టుకుని, 3,600 ఉంచుకుని మిగతాది నా చేతిలో పెట్టాడు. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు. 107, 106, 108, 107. "ఎట్టా వచ్చినయ్యి, నాలుగూ సమానంగా! మా వాడు ఇప్పుడు ఈ కొత్త మిషను మీద కూడా ఇట్టా చుట్టలేడు" అన్నాడు. నా తప్పు గురించి ఒక్క మాట అడగలేదు. తన స్ప్రింగులు బాగానే ఉన్నాయన్నదే ఆయనకి కావలసిన సంగతి. అది ఆయనకి ముందే తెలుసు.

ఆ సాయంత్రం బస్సులోంచి జూనియరుకి ఫోను చేశాను. నేను చెప్పింది, మీకూ పనికొస్తుందేమోనని, ఇక్కడ రాస్తున్నాను.

పుష్‌రాడ్డా, డైరెక్టా అన్నది మొదటి ప్రశ్న కాదు. పోటీకి ఎన్ని వారాలుందో చూసుకోండి. అందులో కనీసం నాలుగు వారాలు కారు నేలమీద పరిగెత్తాలి. ఆ నాలుగు వారాలు పోనూ మిగిలిన టైములో ఏ పద్ధతి మీ చేతులతో పూర్తవుతుందో అదే మీ సస్పెన్షన్. మీకు మొదటి కారైతే నా ఓటు డైరెక్ట్‌కే. నియమాలు అడిగేది చక్రానికి 50 మిల్లీమీటర్ల కదలిక, డ్రైవరు కూచున్నాక అందులో కనీసం 25 పైకి. అది డైరెక్ట్‌లో హాయిగా వస్తుంది. బ్యాటరీ బరువు ఎక్కువ కాబట్టి మా లెక్కలు మీకు పనికిరావు. కారుని నాలుగు కాటాల మీద పెట్టి మూలకెంతో తూచండి. విష్‌బోను కొసలు బిగించే చోట రెండుమూడు రంధ్రాలు ఎక్కువ పెట్టండి, తర్వాత మార్చుకోవచ్చు. స్ప్రింగు తీసేసి, చక్రం కింద జాకీ పెట్టి ఐదేసి మిల్లీమీటర్లు లేపుతూ షాకబ్జరు ఎంత కదిలిందో రాసుకోండి. క్యాడ్ చెప్పింది వేరు, కారు చెప్పేది వేరు. లెక్క ఒకరు వేస్తే ఇంకొకరు, షీటు చూడకుండా, కాగితం మీద మళ్ళీ వెయ్యండి. చివరగా, రాత్రి రెండింటికి తప్పు కనిపిస్తే పక్కవాణ్ణి లేపండి.

అతను కాసేపు మాట్లాడలేదు. "పుష్‌రాడ్ గ్రూపుకి లీడరు నేనే అన్నా" అన్నాడు.

"నాకు తెలుసులే" అన్నాను :)

నా పాత షీటు కావాలన్నాడు. పంపాను. ఆ గడిని సరిచేయకుండా ఎర్రరంగు వేసి, పక్క గడిలో సరైన లెక్క రాసి, కింద మేస్త్రీ కాగితం ఫొటో పెట్టి పంపాను. మొన్న వాళ్ళు నలుగురు స్ప్రింగుల కోసం ఆయన దగ్గరికే వెళ్ళారట. "బండి బరువెంత? అనుకున్నది కాదు, తూచింది చెప్పండి" అన్నాడట. ఇంకా తూచలేదంటే వెనక్కి పంపించాడట.